చేతికి కట్టుకునే కాయితం

పాతికేళ్ళకు పైగా కంప్యూటర్ల గదిలో ఉద్యోగం చేశాను. అంత కాలంలో ఎవరూ నన్ను ఒక తప్పు చేసిపెట్టమని అడగలేదు. అడగకుండానే కొన్ని చేశాను, అది వేరే సంగతి. రిటైరై పలాసని ఆనుకున్న కాశీబుగ్గలో మా చిన్నాన్న ఇంట్లో స్థిరపడ్డాక, ఒక పూట ఉద్దానం నుంచి దమయంతమ్మ ఆటోలో వచ్చి, మంచినీళ్ళు తాగి, కొంగుముడి విప్పి ఒక రాగి తాయెత్తు గొట్టం నా ముందు పెట్టింది. చిటికెనవేలిలో సగముంటుంది. రెండు వైపులా లక్క ఊడిపోయింది. లోపల కాయితం ఉండవలసిన చోట ఏదో ముద్ద, ఎండిన సున్నంలా అంటుకుని ఉంది.

"దీన్లోని కాయితం మళ్ళీ కావాల బాబూ," అంది. "మీ సిన్నాన్నగారు ఇచ్చినారు గదా, మా పెళ్ళికి ముందల. అచ్చం అలగే ఉండాల."

ఆ కాయితం నాకు గుర్తుంది. మరిచిపోదామని చాలాకాలం ప్రయత్నించినందువల్ల మరీ బాగా గుర్తుంది.

ఆవిడ భర్త ఢిల్లీశ్వరరావుకి మూత్రపిండాలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు పలాస వచ్చి డయాలసిస్ చేయించుకుంటున్నాడు. ఉద్దానంలో ఇది విడ్డూరమేమీ కాదు. అక్కడ ఎవరింటికైనా వెళ్తే ముందు మంచినీళ్ళిస్తారు, తర్వాత ఆ నీళ్ళ గురించే మాట్లాడతారు. తాయెత్తు ఉన్న చేతికే సూదులు గుచ్చాలి కనుక నర్సమ్మ దాన్ని విప్పమంది. విప్పి చొక్కా జేబులో వేసుకున్నాడు. ఇంటికెళ్ళాక ఆ చొక్కాని దమయంతమ్మ సబ్బునీళ్ళలో నానబెట్టింది.

"ఆ రోజుకాడ్నించి ఆసుపత్రికి రానంతన్నాడు. రెండు వాయిదాలు ఒగ్గీసినాడు. కాళ్ళు తాటిమొద్దుల్లాగ ఉబ్బీసినాయి. ఇంకోటి మానీసినాడంటే ఊపిరికే ముప్పని డాక్టరుగారు ఫోన్లో సెప్పినారు. నానే ఉతికీసినాను బాబూ, నా సేత్తోటే."

"గుళ్ళో ఇంకో తాయెత్తు కట్టించకపోయావా అమ్మా?"

"కట్టించినాను. ఇప్పీసి దూలానికి తగిలించీసినాడు. ఇప్పుడు దూలం బాగానే ఉంది, ఆయనే బాగోనేదు."

మొగుడు చచ్చిపోతాడేమోనన్న భయం కళ్ళలో పెట్టుకుని కూడా ఆ మాట నవ్వకుండా అనగలిగింది. ఉద్దానం మనుషులతో నాకు వచ్చే ఇబ్బంది ఇదే. వాళ్ళ ముందు నా హాస్యం చప్పగా ఉంటుంది.

ఆ కాయితం ఎలా పుట్టిందో చెప్పాలంటే చిన్నాన్న ముందుగదిలోకి వెళ్ళాలి. నేను డిగ్రీ చదివిన కాలమంతా ఈ ఇంట్లోనే ఉన్నాను. చిన్నాన్న టెక్కలి కాలేజీలో లెక్కల లెక్చరరు, నేను అదే కాలేజీలో ఆయన శిష్యుణ్ణి. ఇద్దరం ఒకే బస్సులో వెళ్ళేవాళ్ళం. ఆయన ముందు సీట్లో కూర్చుని నేనెవరో తెలియనట్టుండేవాడు, నా మార్కులు చూస్తే నిజంగానే తెలియదేమో అనిపించేది. ఇంటి వెనక వైపు జీడిగింజలు కాల్చే బట్టీలుండేవి. ఆ పొగ ఘాటుగా, నూనె మాడినట్టుగా, గొంతులో చిన్న గీత గీసినట్టుగా ఉంటుంది. పిన్ని పొద్దున్నే పెరట్లోకి వెళ్ళి ఒకసారి గాలి పీల్చి, పొగ ఇటు తిరిగిందంటే ఆ రోజు వడియాలు మానేసేది. మా ఇంట్లో అసలైన వాతావరణ శాఖ ఆవిడే. సాయంత్రం పొగ తగ్గాక ఇంగువ పోపు వాసన వచ్చేది, దాని వెనకే తాతయ్య చిన్న రోట్లో తమలపాకు దంచే చప్పుడు. పళ్ళు పోయాయి గాని తాంబూలం పోలేదు ఆయనకి.

తాతయ్య సిద్ధాంతి. టెక్కలి నుంచి సముద్రం ఒడ్డు దాకా ఏ ఊళ్ళో బిడ్డ పుట్టినా జాతకం ఆయనే రాయాలి. ఉక్కు పాళీతో, కళ్ళు కాయితానికి ఆనించి, ముత్యాల్లా రాసేవాడు. చూపు మందగించాక చిన్నాన్న ఆ పని కంప్యూటరుకి అప్పగించాలని పట్టుబట్టాడు. విశాఖపట్నంలో ఎవరో వదిలించుకున్న యంత్రాన్ని ప్రింటరుతో సహా కొని, రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చి, ముందుగదిలో కూర్చోబెట్టాడు. పిన్ని తన పాత పూల లంగా కుట్లు విప్పి దానికి ముసుగు కుట్టింది. రెండు వేసవి సెలవుల్లో చిన్నాన్న ప్రోగ్రాం రాశాడు. పేరు, పుట్టిన వేళ, ఊరు ఇస్తే నక్షత్రం, రాశి, లగ్నం అన్నీ లెక్కకట్టి తెలుగులో ఒక చిట్టీ అచ్చువేస్తుంది. తాతయ్య ఒకే ప్రశ్న అడిగాడు, "దానికి మడి ఎవరు కడతార్రా?" అని. చిన్నాన్న ఆ గదిలోకి చెప్పులతో రావద్దని మర్నాటి నుంచి అందరికీ చెప్పాడు.

లెక్క కట్టడం యంత్రానికి నల్లేరు మీద నడక. తెలుగుతోనే చావొచ్చింది. చిన్నాన్న నాకు చెప్పిన పాఠం ఇప్పటికీ గుర్తుంది, ఆయన కాలేజీలో చెప్పినవి గుర్తులేవు గాని. "దీనికి అక్షరాలు తెలియవురా, అంకెలే తెలుసు. ఏ అంకెకి ఏ బొమ్మ వెయ్యాలో ఒక పట్టీ ఉంటుంది. పట్టీలో కింది సగం ఇంగ్లీషువాడిది, దాన్ని ఎవరూ కదపరు. పై సగం ఎవడి దేశానికి వాడు మార్చుకోవచ్చు." పుట్టుకతో ఆ పై సగంలో ఉండేవి గీతలు, మూలలు, నల్లటి దిమ్మెలు, కొన్ని గ్రీకు అక్షరాలు. వాటిని తోసేసి అక్కడ మన అ ఆలు కూర్చోబెట్టాలి. తెరకి ఒక కమాండు, ప్రింటరుకి ఇంకో కమాండు, వరస తప్పకూడదు. పొద్దున్నే పిన్ని వాకిట్లో కల్లాపి చల్లి ముగ్గు పెట్టేది, లోపల చిన్నాన్న స్నానం చేసి వచ్చి యంత్రానికి పట్టీ పెట్టేవాడు. ముగ్గు సాయంత్రం దాకా ఉండేది. పట్టీ కరెంటు పోయేదాకా ఉండేది. పలాసలో అప్పట్లో ముగ్గే ఎక్కువసేపు ఉండేదని వేరే చెప్పక్కర్లేదు.

కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ప్రింటరు తెలుగు మరిచిపోయేది. మరిచిపోయానని చెప్పే మర్యాద దానికి లేదు. అంకెలు అవే వస్తాయి గనుక తన పాత పట్టీ చూసుకుని, క అనవలసిన చోట ఒక నిలువుగీత, ర అనవలసిన చోట పిలక ఉన్న పీట, గుడి ఉన్నచోట నల్ల దిమ్మె, ఒత్తు ఉన్న ప్రతిచోటా పుల్ల గుచ్చిన సున్నా వేసుకుంటూ, ఎంతో ధీమాగా, బరబరమంటూ అచ్చువేసుకుపోయేది. చిన్నాన్న కాయితం చింపి, ఉండచేసి, మళ్ళీ మొదటి కమాండు నుంచి మొదలుపెట్టేవాడు. ఒక్కోరోజు ముందుగదిలో కాయితం ఉండలు పిన్ని చేసే సున్నుండల కంటే ఎక్కువుండేవి. ఆయన తిట్టేవాడు కాదు. పెదవులు బిగించి, వేళ్ళతో బల్ల మీద చిన్నగా కొట్టేవాడు. ఆ చప్పుడు వినపడితే పిన్ని కాఫీ పెట్టేది.

ఢిల్లీశ్వరరావు వచ్చింది అలాంటి ఒక రోజున. వజ్రపుకొత్తూరు దాటి సముద్రం వైపు వాళ్ళ ఊరు. కొబ్బరి, జీడిమామిడి తోటలు. పెళ్ళి సంబంధం చూశారు, అమ్మాయివాళ్ళు జాతకం అడిగారు. పురిట్లో తాతయ్య రాసిచ్చినదాన్ని చెదలు తినేశాయి. ఒక పనసకాయ భుజాన వేసుకుని వచ్చి గుమ్మంలో దించి, "నక్షత్రం తెలుసు, వేళా తెలుసు, కాయితమే నేదు," అన్నాడు. మనిషి కొబ్బరిచెట్టు దిగొచ్చినట్టే పొడుగ్గా, గరుకుగా ఉన్నాడు. చిన్నాన్న వివరాలు కొట్టి, అచ్చు కమాండు ఇచ్చాడు. రెండు వరసలు తెలుగులో వచ్చాయి. కరెంటు పోయింది.

"ఇంతేనేటి నా జాతకం, రెండు వరసలు?" అన్నాడు ఢిల్లీశ్వరరావు.

"మిగతాది కరెంటువాళ్ళ చేతుల్లో ఉంది," అన్నాను. చిన్నాన్న నన్ను చూసిన చూపుకి నేను పెరట్లోకి వెళ్ళిపోయాను.

కరెంటు వచ్చేసరికి చిన్నాన్నకి బస్సు వేళయింది. కంగారులో తెరకి పట్టీ పెట్టాడు, ప్రింటరుకి పెట్టడం మరిచిపోయాడు. అచ్చు కమాండు కొట్టి కాళ్ళు కడుక్కోవడానికి నూతి దగ్గరికి వెళ్ళాడు. వచ్చేసరికి గదిలో మనిషీ లేడు, కాయితమూ లేదు. పనసకాయ మాత్రం ఉంది. చిట్టీ పూర్తిగా అచ్చవడం చూసి, ఢిల్లీశ్వరరావు తనే జాగ్రత్తగా చింపుకుని, కళ్ళకద్దుకుని, బస్సుకి టైమయిందని పిన్నికి చెప్పి వెళ్ళిపోయాడు.

చిన్నాన్న ఆ రోజు కాలేజీ మానేశాడు. తెలుగు చిట్టీ మళ్ళీ అచ్చువేసి, నన్ను వెంటబెట్టుకుని, బస్సు దిగి, ఇసక దారిలో జీడితోటల మధ్య నడిచి వాళ్ళ ఊరు చేరేసరికి పొద్దు వాలింది. ఢిల్లీశ్వరరావు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. కుడి దండకి కొత్త రాగి తాయెత్తు మెరుస్తోంది. దారిలోనే కంసాలి దగ్గర ఆగి చుట్టించేశాడు.

"అది తప్పు కాయితమయ్యా," అన్నాడు చిన్నాన్న. "ప్రింటరు గీసిన పిచ్చిగీతలవి. ఇదిగో నీ జాతకం."

ఢిల్లీశ్వరరావు తెలుగు చిట్టీ తీసుకుని మొత్తం చదివాడు. "ఇదీ బాగుంది బాబూ. ఇది ఆడపిల్లోళ్ళకి ఇత్తాను. అది యంత్రం గదా, అది నాకుంచీయండి."

"యంత్రం కాదది. నీ పేరే. అక్షరాలు కనపడాల్సిన చోట గీతలు వచ్చాయి, అంతే."

"నా పేరే గదా మరి. యంత్రంలో పేరు పైకి కనపడకూడదని పెద్దలు సెప్తారు. కనపడితే అది కార్డు ముక్కవుద్ది గాని యంత్రమేటవుద్ది?"

చిన్నాన్న లెక్కల లెక్చరరు. రుజువు చేయగలిగినవాటికే అలవాటుపడ్డ మనిషి. చెట్టు నుంచి దింపిన బొండాలు తాగి, ఆ చీకటి ముసిరే వేళ నా కంటే పదడుగులు ముందు నడిచాడు. ఇంటికొచ్చాక జరిగింది నేను చెప్తే, తాతయ్య రోకలి ఆపి, "పెన్నుతో బతుకంతా సరిగ్గా రాసిచ్చాను. ఒక్కడూ చేతికి కట్టుకోలేదురా," అన్నాడు. అందులో బాధ ఎంతో, సంబరం ఎంతో తేల్చుకోలేకపోయాను.

ఆ పెళ్ళి కుదిరింది. ఆ ఏడు వచ్చిన గాలివానకి ఊళ్ళో కొబ్బరిచెట్లు సగం కూలితే ఢిల్లీశ్వరరావువి పెద్దగా పోలేదు. ఇంకేం కావాలి. ఉద్దానం నుంచి మనుషులు రావడం మొదలైంది. "సదువుకునేది వొద్దు బాబూ, సేతికి కట్టుకునేది కావాల," అనేవాళ్ళు. చిన్నాన్న ఒక్కరికీ ఇవ్వలేదు. ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, పలక మీద పట్టీ గీసి, అంకెలు వేరు బొమ్మలు వేరని చెప్పేవాడు. వాళ్ళు శ్రద్ధగా విని, "అయితే ఇవ్వరేటి?" అనేవాళ్ళు. తెలుగు సరిగ్గా అచ్చవాలని రెండు వేసవులు పోగొట్టుకున్న మనిషిని, ఆ తెలుగు చెడగొట్టి ఇమ్మని అడుగుతున్నామన్న ఊహ కూడా వాళ్ళకి లేదు. చివరికి ఆయన జాతకాలే మానేసి ప్రింటరు మీద పూల లంగా కప్పేశాడు. తాతయ్య పోయాడు, నేను విశాఖ వెళ్ళాను, చిన్నాన్న కూడా పోయి చాలాకాలమైంది. ప్రోగ్రాం మాత్రం నా దగ్గర ఉంది. ఆయన ఫ్లాపీలు పాడవక ముందే కాపీ చేసి, అక్కణ్ణుంచి సీడీకి, సీడీ నుంచి పెన్‌డ్రైవ్‌కి, ఎందుకో తెలియకుండానే అస్థికల్లా తిప్పుతూ వచ్చాను.

దమయంతమ్మను పంపించి ఆ పూటే కూర్చున్నాను. తప్పు అచ్చువేయడం ఎంతసేపు అనుకున్నాను. నా తరం వాళ్ళం కోరకుండానే రోజూ వేసేవాళ్ళం. కాని ఇప్పటి కంప్యూటరు మర్యాదస్తురాలు. పాత ప్రోగ్రాం నడపమంటే, ఇది నా కాలానిది కాదు పొమ్మంది. పాత యంత్రంలా నటించే ఇంకో ప్రోగ్రాం తెచ్చి దానిలో నడిపాను. ప్రింటరు బదులు ఫైల్లోకి రాయించాను. ఢిల్లీశ్వరరావు పేరు, తండ్రి పేరు, వేళ ఇచ్చాను. ఫైలు వచ్చింది. తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలు, ప్రతిదాని నెత్తినా ఒక టోపీయో రెండు చుక్కలో మీసమో. పట్టీ వేరన్నమాట. ఈ కంప్యూటరు పై సగంలో ఫ్రెంచివాళ్ళని, జర్మనీవాళ్ళని కూర్చోబెట్టుకుంది. అయినా పిచ్చిగీతలు పిచ్చిగీతలే కదా, మనిషికి ఏం తెలుస్తుందని అచ్చువేసి పట్టుకెళ్ళాను.

ఉద్దానం దారి ఇప్పుడు తారుది. మూలపేట రేవు పనికెళ్ళే లారీలు దుమ్ము రేపుతున్నాయి. ఢిల్లీశ్వరరావు మంచం మీద దిండ్లకు చేరగిలబడి ఉన్నాడు. చెట్టంత మనిషి ఎక్కడికి పోయాడో తెలియదు. మొహం ఉబ్బింది, మాట మాటకీ ఊపిరి ఆగుతోంది. కాయితం తీసుకుని, కళ్ళకి దూరంగా పెట్టి చూశాడు.

"ఇది ఇంగిలీసు గదా బాబూ."

"ఇంగ్లీషు కాదు మావా. నీ కాయితమే."

"నాది నాకు తెల్దేటి? పతి ఉగాదికీ ఇప్పి సాంబ్రాణి పట్టి మళ్ళీ సుట్టీవోణ్ణి. మొదటి వరసలో ముందల ఒక మూల. దాని పక్కన నల్ల దిమ్మ. తరవాత బల్ల, పుల్ల గుచ్చిన సున్నా, మళ్ళీ అదే బల్ల. కొసాకి రెండు పీటలు జంటగా ఉంతాయి, పిలకలతోటి. ఇందులో పీటలేవి?"

నేను పళ్ళు కొరుక్కున్నాను. "మావా, ఒక్క మాట నిజం చెప్పు. అది తప్పు కాయితమని చిన్నాన్న నీకు ఎన్నిసార్లు చెప్పాడు?"

"శానాసార్లు సెప్పినారు. కాదనేదు గదా నాను."

"మరి?"

అతను కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. "మా వీధిలో నా యీడోళ్ళు ఎంతమంది ఉన్నారో సూసినావా వొచ్చీటప్పుడు? నేరు. నాతోటి సెట్లెక్కినోళ్ళు, నాతోటి ఈతకెల్లినోళ్ళు, ఈ జబ్బుతోటే ఎలిపోనారు. అందరం ఒక్క నూతి నీళ్ళే తాగినాం. పట్నాలనుంచి వొచ్చి సీసాల్లో నీళ్ళు పట్టుకెల్లినారు, మట్టి పట్టుకెల్లినారు, మా రక్తమూ పట్టుకెల్లినారు. ఇందుకని వొచ్చిందని ఖాయంగా ఒక్కడూ సెప్పనేదు. నాకు అందరికన్నా ఆలీసంగా వొచ్చింది. నాకున్నదీ ఆళ్ళకి నేనిదీ ఆ కాయితమొక్కటే. నువ్వు సదువుకున్నావు గదా. కాయితం కాకపోతే మరేటో సెప్పు, ఇప్పుడే ఆసుపత్రికి ఎల్తాను."

డిగ్రీ, పాతికేళ్ళ సర్వీసు ఉన్నవాణ్ణి, తెచ్చిన కాయితం మడిచి జేబులో పెట్టుకున్నాను. గుమ్మంలో నిలబడ్డ దమయంతమ్మ నా మొహమే చూస్తోంది. మర్నాడు ఉదయం వాయిదా.

"రేపు పొద్దున్న తెస్తాను. ఈలోగా నీళ్ళు ఎక్కువ తాగకు," అన్నాను.

"పీటలు మరిసిపోకు," అన్నాడు.

ఆ సాయంత్రం సంగతి వివరంగా రాస్తే చదివేవాళ్ళకీ రక్తపోటు వస్తుంది, క్లుప్తంగా చెప్తాను. పట్టీ మార్చాలంటే నల్ల తెర తెరిచి ఒక కమాండు కొట్టి పట్టీ నంబరు ఇవ్వాలి. విశాఖలో నాతో పనిచేసిన కుర్రాడికి ఫోను చేస్తే, "సార్, ఈ రోజుల్లో 65001 తప్ప ఇంకేదీ వాడకూడదు, ప్రపంచ భాషలన్నీ అందులోనే ఉన్నాయి," అన్నాడు. పెట్టాను. ప్రపంచ భాషలన్నీ ఉన్నాయి గాని, ఢిల్లీశ్వరరావు పేరు బదులు ప్రశ్నార్థకాలు వరసగా నిలబడ్డాయి. అతను అడగని ప్రశ్నలన్నీ యంత్రం అడుగుతున్నట్టుంది. పోనీ, చిన్నాన్న తెలుగు ఒకసారి కళ్ళారా చూద్దామని మన పాత తెలుగు పట్టీ నంబరు ఇచ్చాను. 57005. ఆ నంబరు ఈ కంప్యూటరు జాబితాలో ఉంది. ఉన్నా, నల్ల తెర మీద మాత్రం చెల్లదని మొహం మీదే చెప్పింది. తెలుగుకి పెళ్ళి పిలుపుందిట, పంక్తిలో ఆకు మాత్రం లేదుట. చిన్నాన్నలాగే బల్ల మీద వేళ్ళతో కొట్టాను. కాఫీ పెట్టడానికి పిన్ని లేదు.

చివరికి యంత్రం పుట్టుకతో తెచ్చుకున్న పట్టీనే అడిగాను. 437. కమాండు కొట్టి, ఫైలు తెర మీద పొయ్యమన్నాను.

మూల. నల్ల దిమ్మె. బల్ల, పుల్ల గుచ్చిన సున్నా, మళ్ళీ బల్ల. కొసకి జంటగా రెండు పీటలు, పిలకలతో సహా. అతను చెప్పింది చెప్పినట్టే ఉంది. నేను చిన్నాన్న ముందుగదిలో, ఆయన బతుకంతా చింపి ఉండచేసి పారేసిన కాయితం ముందు కూర్చుని, అమ్మయ్య అనుకున్నాను. ఆ అనుకోవడం నాకే నచ్చలేదు. దాన్ని అచ్చుకి పంపితే గీతలు విడిపోయి పీటలు విరిగిపోయాయి. అక్షరానికొక వెడల్పు ఉండడం ఇప్పటి నాగరికత. అన్నిటికీ ఒకే వెడల్పు ఉండే అక్షరాలు వెతికి పెట్టాక పీటలు నిలబడ్డాయి.

పొద్దున్నే వెళ్ళేసరికి ఢిల్లీశ్వరరావు కూర్చోలేకపోతున్నాడు. దమయంతమ్మ కాయితం పట్టుకుంటే అతను వేలితో ఒక్కొక్క గుర్తూ తడిమి చూశాడు. కొస దాకా వెళ్ళి, పీటల దగ్గర వేలు ఆపి, "కాయితం తెల్లగుంది. మిగతాదంతా అదే," అన్నాడు. దమయంతమ్మ కాయితాన్ని గొట్టంలో చుట్టి, రెండు వైపులా మైనం అద్ది, సూదులు గుచ్చని చేతికి కట్టింది. ఆటోలో అతన్ని ఇద్దరం చెరోవైపు పట్టుకున్నాం. దారి పొడుగునా నేను వాచీ చూస్తూ అతని ఊపిరులు వింటూ కూర్చున్నాను.

ఆసుపత్రిలో డాక్టరు తిట్టవలసిందంతా తిట్టి మంచం ఎక్కించారు. యంత్రం తిరగడం మొదలైంది. ఇది నిజం యంత్రం. దీనికి తెర ఉంది, తెర మీద అక్షరాలు ఏ తడబాటూ లేకుండా వస్తున్నాయి. చాలాసేపటికి అతని మొహం మీద ఉబ్బు కాస్త దిగి, పాత మనిషి ఒక మూల నుంచి తొంగిచూశాడు. దమయంతమ్మ గోడకి ఆనుకుని అలాగే నిద్రపోయింది.

నేను లేచి వెళ్ళిపోవలసింది. పక్కమంచం ఆవిడ పిలిచింది. కవిటి వైపు మనిషి, నా కంటే చిన్నది, పేరు తులసమ్మ. "బాబూ, మావకి మీరు ఇచ్చినారంట గదా కాయితం."

"అది తప్పు కాయితమమ్మా," అన్నాను. అటుపక్క మంచాల్లోని వాళ్ళు కూడా తలలు తిప్పారు. సరే, వినండని మొదలుపెట్టాను. యంత్రానికి అక్షరాలు తెలియవు, అంకెలే తెలుసు, ఏ అంకెకి ఏ బొమ్మో ఒక పట్టీ ఉంటుంది, పట్టీ మారితే పేరే గీతలైపోతుంది, అందులో మహిమ ఏమీ లేదు. చిన్నాన్న కంటే బాగానే చెప్పాను. సూదులు గుచ్చుకుని కదలలేక పడుకున్నవాళ్ళు గనుక ఎవరూ లేచి వెళ్ళలేదు. నా సర్వీసులో అంత శ్రద్ధగా విన్న సభ ఇంకోటి లేదు.

అంతా అయ్యాక తులసమ్మ అంది, "అవన్నీ ఉండనీండి బాబూ. తప్పు కాయితం ఇవ్వడానికి ఏటి మీకు కష్టం?"

చిన్నాన్న అయితే ఇచ్చేవాడు కాదు. ఆయన రోజుల్లో యంత్రం చేత తెలుగులో ఒక పేరు రాయించడం ఒక మనిషి వేసవులన్నీ మింగేసే పని. దాన్ని చెడగొట్టడమంటే ఆయన దృష్టిలో పాపమే. ఇప్పుడు కాశీబుగ్గలో చేపలమ్మే ఆవిడ ఫోనులో తెలుగు ఏ పట్టీ పెట్టకుండానే వస్తోంది. ఒప్పు తెలుగు కావాలంటే నా దగ్గరికి ఎవరూ రానక్కర్లేదు. నాకు మిగిలిన విద్య ఈ తప్పొక్కటే, దానికోసం మంచాల మీంచి నలుగురు చూస్తున్నారు. ఇది దగా అని నాకు తెలుసు. ఇవ్వకపోతే వాళ్ళకి ఇవ్వగలిగింది నా దగ్గర ఇంకేమీ లేదనీ తెలుసు. ఒక షరతు పెట్టాను, వాయిదా మానేసినవాళ్ళకి కాయితం లేదని. అందరూ వెంటనే ఒప్పుకున్నారు. దాంతో నాకు ఇంకా చిరాకేసింది.

"నీ పేరు చెప్పమ్మా," అని రాసుకోవడానికి ఫోను తీశాను.

"బోనెల తులసమ్మ," అంది. నేను కొడుతుంటే, సూది ఉన్న చెయ్యి కదపకుండా మెడ చాచి తెర వైపు చూసింది. "ఏదీ, సూపించండి. తప్పుల్లేకుండా కొట్టినారా? అదంతా గీతలు సేసీముందల నా పేరు నా పేరులాగుండాల."